మావగారితో పండుగప్ప వేట

మా అల్లుడికి గేలాల పిచ్చి. భీమవరంలోనూ రాజమండ్రిలోనూ ఉద్యోగాలు చేసుకునే పాతిక ముప్ఫైమంది కుర్రాళ్ళు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, సెలవొస్తే చాలు, రీళ్ళున్న గడలు కార్లలో వేసుకుని ఏటిగట్ల మీదకి పోతుంటారు. మొన్న ఆ గ్రూపులో ఎవరో ఒక ప్రశ్న వేశారట. ఒక్క రోజు పండుగప్ప వేటకి వెళ్ళాలి, పక్కన ఎవరినైనా సరే కూర్చోబెట్టుకోవచ్చు, బతికున్నవాళ్ళయినా పోయినవాళ్ళయినా ఫరవాలేదు, ఎవరిని తీసుకెళ్తారు అని. ఒకరు క్రికెట్ ఆటగాణ్ణి అన్నారట, ఇద్దరు సినిమా హీరోలని అన్నారట, ఒక గడుగ్గాయి మాత్రం తన పాత మేనేజరు పేరు రాసి, ఏట్లో తోసేయడానికి అని కారణం కూడా రాశాడట. అల్లుడు ఇడ్లీ తింటూ ఇదంతా చదివి వినిపించి, మీరైతే ఎవరిని తీసుకెళ్తారు మావయ్యా అని అడిగాడు. నేను తడుముకోకుండా మా మావగారిని అన్నాను. అతను నవ్వాడు. కోరి కోరి మావగారిని ఎవరైనా వెంటబెట్టుకుని వెళ్తారా అని అతని అనుమానం. అతనికి చెప్పలేనిది ఇక్కడ చెప్పుకుంటున్నాను. నా ఈడువాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు కదా.

మా మావగారు ద్రాక్షారామం దగ్గర ఒక ఊళ్ళో మిషను బడికి హెడ్మాస్టరు. ఆయన వరండాలోకి వస్తే పిల్లలు ఊపిరి బిగబట్టేవారట. అలాంటి మనిషి, పాతికేళ్ళ గుమాస్తానైన నేను గుమ్మంలో కనబడేసరికి కుర్చీలోంచి లేచి నిలబడేవారు. నేను నిలబడితే ఆయన కూర్చోరు, ఆయన నిలబడితే నేను కూర్చోను, దాంతో పండగకి వెళ్ళినప్పుడల్లా మా ఇద్దరికీ కాళ్ళు పీకేవి. ఫ్యాను గాలి తగిలే మంచం నాది, చేపల పులుసులో నడిమి ముక్క నాది, పేపరు ముందు చదివే హక్కు నాది. పెద్దాయన అలా ఒదిగి ఉంటే నాకు ప్రాణం చచ్చిపోయేది. ఆయన్ని అంతకంటే గౌరవించాలని నేనూ ఒదిగి ఉండేవాణ్ణి. అల్లుళ్ళూ మావగార్లూ అలా ఉండడమే పెద్దరికం అని మనందరం అనుకున్న రోజులవి.

ఆయనకున్న ఒకే ఒక్క సరదా గేలం. బడి వదలగానే కాలవగట్టు మీద కూర్చుని, చీకటి పడేలోగా నాలుగు జెల్లలో, అదృష్టం బాగుంటే ఒక కొర్రమీనో పట్టుకొచ్చేవారు. ముప్ఫై ఏళ్ళుగా పడుతున్నా ఆయన గేలానికి పండుగప్ప పడలేదు. ఇప్పుడంటే పండుగప్పని చెరువుల్లో పెంచి, ఐసు వేసి, థర్మోకోల్ పెట్టెల్లో ఎగుమతి చేస్తున్నారు కానీ, అప్పట్లో అది సముద్రంలోంచి పోటు మీద ఏట్లోకి వచ్చి, ఎక్కడో రొయ్యలు దొరికేచోట కాసేపు ఆగి, పాటుతో తిరిగి వెళ్ళిపోయే దొరబాబు లాంటి చేప. దాని కోసం తాళ్ళరేవు దాటి, మురుగుకాలవ ఉప్పుటేట్లో కలిసేచోట నీళ్ళకి అడ్డంగా కట్టిన తలుపుల దగ్గరికి వెళ్ళాలి. నీరు వెనక్కి లాగడం మొదలుపెట్టే గంటకి అక్కడ ఉండాలి. మావగారు ఆదివారం గేలం ముట్టేవారు కాదు, ప్రార్థనకి గుడికి వెళ్ళే రోజని. మిగతా రోజుల్లో ఆయనకి బడి, నాకు ఆఫీసు. కాబట్టి ఇద్దరికీ సెలవుండే రెండో శనివారం రావాలి, ఆ రోజే పాటు మంచి వేళకి రావాలి. ఆ రెండూ కలిసిన శనివారం, నా పెళ్ళయిన నాలుగో ఏడు, ఒకటొచ్చింది.

ముందురోజు సాయంత్రం మా ఆవిడ నన్ను పెరట్లోకి పిలిచి ఒక సంగతి చెప్పింది. నాన్నకి కుడిచెయ్యి వణుకుతోంది, బోర్డు మీద సుద్దతో రాస్తుంటే అక్షరాలు వంకర పోతున్నాయని పైకి చెప్పుకోకుండా బాధపడుతున్నారు, చెయ్యి పూర్తిగా పోకముందు ఒక్క పండుగప్ప తన చేత్తో ఒడ్డుకి లాగాలని ఆయన ఆశ, మీరు మాత్రం ఆ గడ ముట్టుకోకండి అని. నేను సరేనన్నాను. అప్పటికి నాకు తెలియనిదేమిటంటే, అదే సమయంలో వంటింట్లో అత్తగారు ఆయనకి వేరే పాఠం చెబుతున్నారు. అల్లుడుగారు అంతదూరం ఎండన పడి వస్తున్నారు, చేప పడితే ఆయన చేత లాగించండి, మర్యాదగా ఉంటుంది అని.

పొద్దున్నే బస్సు దిగి, రెండు మైళ్ళు గట్టెమ్మట నడిచి తలుపుల దగ్గరికి చేరాం. ఆయన నెల్లాళ్ళు వెదికి కోయించిన వెదురు గడ ఒకటే పెద్దది, మిగతాది జెల్లలకి పనికొచ్చే సన్న గడ. దారి పొడుగునా పెద్ద గడ ఎవరు మోయాలన్నదే మా పేచీ. చివరికి దాన్ని ఎవరమూ పట్టుకోకుండా, బతికున్న రొయ్య ఎర వేసి, మొదలు గట్టులో గుచ్చి, చెరొక పక్కన కూర్చున్నాం. గొడుగు నా మీదకి ఆయన జరిపేవారు, ఆయన మీదకి నేను జరిపేవాణ్ణి, మధ్యలో ఉన్న ఖాళీ నేలకి చక్కగా నీడ పట్టింది. బడి గురించి ఆయన, మండపేట రైసు మిల్లుల గురించి నేను, నాలుగేసి మాటలు చెప్పుకున్నాం. పాటు మొదలై, గేలం తాడుకి కట్టిన బెండు నీళ్ళ మీద తేలుతూ ఏటివైపు సాగింది.

ఉన్నట్టుండి బెండు కనబడలేదు. గడ కొస నీళ్ళని తాకేంతగా వంగింది. ఇద్దరం ఒకేసారి లేచి గడ పట్టుకున్నాం, పట్టుకున్న వెంటనే ఇద్దరం ఒకేసారి వదలబోయాం.

"మీరు లాగండి అల్లుడుగారూ."

"అయ్యో, మీ గడ మావయ్యగారూ, మీరే లాగండి."

"మీరుండగా నేను లాగడమేంటండి, బాగోదు. పట్టండి."

ఆయన గడ నా వైపు తోశారు, నేను ఆయన వైపు తోశాను. మా ఆవిడకిచ్చిన మాట నాది, అత్తగారికిచ్చిన మాట ఆయనది. ఆ తోపులాటలో తాడు ఒక్క క్షణం వదులైంది. పండుగప్పకి ఆ క్షణమే కావాలి. నీళ్ళలోంచి మూర పైన లేచింది, మూరన్నర పొడుగు, వెండి గిన్నె తోమినట్టు మెరిసింది, తల ఒక్కసారి విదిలించింది. గేలం ఎగిరి గట్టు మీద పడింది. ఆయన కుడిచెయ్యి వణుకుతోంది, అది ఆ వణుకో ఈ వణుకో నాకు తెలియలేదు.

ఆయన గట్టు మీద పడ్డ గేలం తీసి ఇంకో రొయ్య గుచ్చారు. గుచ్చుతూనే అన్నారు, "పోన్లెండి. మీరూ చూశారు కదా, అది చాలు." ఆ తర్వాత పాటు అయిపోయేదాకా కూర్చున్నా ఇంకేమీ పడలేదు. పొద్దున్న సన్న గడకి పడ్డ నాలుగు జెల్లలతోనే ఆ రాత్రి పులుసు. అత్తగారు అడిగితే, అల్లుడుగారు ఒడ్డుకి లాగేసేవారే, నేనే అడ్డొచ్చాను అని చెప్పారు. కాదండి, మీ ఆశ సంగతి నాకు తెలుసు, అందుకే ముట్టుకోలేదు అని ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. చెబితే ఆయన చిన్నబుచ్చుకుంటారని చెప్పలేదు.

మరుసటేడు ఆయన దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చింది. అక్షరాలు వంకరగా, పెద్దవిగా ఉన్నాయి. వచ్చే రెండో శనివారం పాటు బాగుంది, వీలుంటే రాగలరా అని. అల్లుణ్ణి ఏనాడూ ఏదీ అడగని మనిషి ఆయన. మా ఆఫీసులో అప్పుడు జమాబందీ, ఏటా జరిగే లెక్కల తనిఖీ, సెలవులన్నీ రద్దు. వీలుపడదండి, మళ్ళీసారి తప్పకుండా వెళ్దాం అని జవాబు రాశాను. నిజానికి గట్టిగా అడిగితే ఒక్క పూట ఇచ్చేవారే. నేను అడగలేదు. ఆయన కూడా మళ్ళీ రాయలేదు. ఆ పైఏడు గేలానికి ముడి వేయడానికి వేళ్ళు సహకరించడం లేదని మా ఆవిడ చెప్పింది. ఇంకో రెండేళ్ళు చెంచాతో అన్నం తిన్నారు. నేను వెళ్తే మంచం మీదనుంచి లేవబోయేవారు, వద్దండీ వద్దండీ అని నేను దూరంగా నిలబడేవాణ్ణి. చెయ్యి పట్టుకుని లేపచ్చని గానీ, పడుకోబెట్టచ్చని గానీ నాకు తోచలేదు. ఆయన పోయాక, శవపెట్టెలో ఉంచేముందు ఒంటిమీద బట్టలు సర్దుతూ ఆ కుడిచెయ్యి మొదటిసారి పట్టుకున్నాను. వణకడం లేదు.

ఇప్పుడా తలుపుల చుట్టూ రొయ్యల చెరువులొచ్చాయి, గట్టు మీద కార్లు వెళ్ళే రోడ్డుంది. కిందటి నెల మా అల్లుడు నన్ను అక్కడికి తీసుకెళ్ళి, రీలున్న గడ ఒకటి నా చేతికిచ్చాడు. అతనికి గొడుగు జరపడం తెలియదు, నాకంటే ముందు కూర్చుంటాడు, నా ఫ్లాస్కులో కాఫీ అడక్కుండా తాగేస్తాడు. మధ్యాహ్నం నా గడ వంగింది. అలవాటు కొద్దీ, నువ్వు లాగు బాబూ అని అతని వైపు తోయబోయాను. అతను తీసుకోలేదు, వద్దనీ అనలేదు. నా వెనక్కి వచ్చి, నా రెండు చేతుల మీదా తన చేతులు వేసి, లాగండి మావయ్యా లాగండి అని అరుస్తూ నాతోపాటే వెనక్కి నడిచాడు. ఈ కాలం పిల్లలకి పెద్దా చిన్నా లేదని నేనూ మీలాగే ఎన్నోసార్లు విసుక్కున్నాను. ఒక గడని ఇద్దరు పట్టుకోవచ్చని ఆ పిల్లాడికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. చేప ఒడ్డున పడేసరికి నాకు ఏడుపు ఆగలేదు. మొదటి పండుగప్ప కదా, ఎవరికైనా అంతే అని మా అల్లుడు నా వీపు తట్టాడు.