సిద్ధప్ప దుకాణం బిళ్ల

మా చిన్నప్పుడు... బోకులామె గంప దించిందంటే వాడ ఆడోళ్లంతా మా ఇంటి గల్మ ముందే! పాత ఇత్తడి తూకమేసుకొని కొత్త స్టీలు గిన్నెలు ఇస్తుండె.

ఒకనాడు మా అవ్వ సొట్టపోయిన చెంబుతోపాటు ఒక ఇత్తడి బిళ్ల గూడ తక్కెట్ల ఏసింది. నడుమ తూటు... ఒకదిక్కు ఉర్దూ, ఇంకోదిక్కు కన్నడం. మాది రాయచూరు దిక్కు ఊరు, కన్నడ బడి గద, కూడబలుక్కుని చదివిన... 'సిద్ధప్ప దుకాణం'.

"ఇదేందవ్వా?"

"పెద్ద యుద్ధమప్పటిది బిడ్డా. చిల్లర దొరకకపాయె. మా సిద్ధప్ప సావుకారు చిల్లరకు బదులు గిది చేతిల పెడుతుండె. మళ్ల తీస్కపోతే ఉప్పో, బెల్లమో ఇస్తుండె. ఇప్పుడా దుకాణమే లేకపాయె... దీన్నేం జేస్కుంటం?"

అవ్వ మాట అయిపోకముందే బిళ్ల తీసుకొని ఉరికిన! బోకులామె పకపకా నవ్వింది.

ఇగ అదే పిచ్చి... మా ఊరు దేవసూగూరుల ఇల్లిల్లూ తిరిగిన. బర్రెదూడ మెడల ఒకటి, పక్కింటి బీబమ్మ తాళాల గుత్తికి ఒకటి... ఒక్కోటి ఒక్కో దుకాణానిది. అడిగితే నవ్వుకుంట ఇస్తుండ్రి. సిద్ధప్పది మాత్రం మళ్ల దొరకలే.

పోయినేడు రాయచూరుల ఒక బడి పిల్లలకు నా బిళ్లలు చూపిస్తుంటి. ఆ బడి టీచరమ్మ ఒక బిళ్ల కాడ ఆగిపోయింది. అక్షరాల మీద వేలు పెట్టి తడిమింది.

"ఇదు నమ్మ ముత్తజ్జందు రీ..." అన్నది. దేవసూగూరుల దుకాణం పెట్టిన సిద్ధప్ప వాళ్ల ముత్తాతంట! "మా ఇంట్ల ఆయన ఫోటో గూడ లేదక్కా. ఆయన పేరు గిట్ల కండ్లార చూసుడు ఇదే మొదలు."

నా పాణం గుంజింది... అది నా మొట్టమొదటి బిళ్ల. అసొంటిది ఇంకోటి లేదు. కొంచెంసేపు పిడికిట్లనే పట్టుకున్న... తర్వాత ఆమె చేతిల పెట్టిన. కండ్లకద్దుకుంది.

నెల తిరగకముందే టీచరమ్మ ఫోన్ చేసింది. "అక్కా! మా పిల్లలు సెలవులకు ఊర్లకు పోయి అందరినీ అడుగుతుండ్రు. గబ్బూరుల ఒక ముసలమ్మ రెండు బిళ్లలు ఇచ్చిందంట. మీరు ఎన్నడూ చూడని దుకాణానివి!"

ఆ పిల్లలను తలుచుకుంటే ఎంత సంతోషమో...

ఇప్పుడు ఉప్పు ప్యాకెట్ కొన్నా ఫోన్ చూపిస్తే అయిపాయె. చేతిలకు ఏదీ రాదు, దుకాణాయన మొఖం గూడ సరిగ చూడం... మీ ఊర్ల మిమ్ముల పేరు పెట్టి పిలిచే దుకాణాయన ఎవరుండె? ఆయన పేరు జర కింద రాయుండ్రి... ఆ బడి పిల్లలకు చదివి వినిపిస్త.