కత్తి అక్షరాలు

నా పేరు పోచయ్య. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివిన. లింగంపల్లి స్టేషన్ నుంచి కొండాపూర్ దాకా ఒకప్పుడు ఏ దుకాణం బోర్డు చూసినా నా చెయ్యే. హైటెక్ సిటీల మొదటి బిల్డింగు లేస్తున్నప్పుడు దాని చుట్టూ రేకుల మీద హెచ్చరికలు రాసింది నేనే. ముప్పై రెండేండ్ల పని, మూడు వేల పైచిలుకు బోర్డులు. ఒక్క గీత వంకర పోయిందన్నోడు లేడు.

అన్నిటికన్న గొప్పది నా కత్తి అక్షరం. బడిల మా సారు చదివే ఇంగ్లీషు పేపరు పేరు సన్నగ, నిలువుగ, కొసలన్నీ కోసినట్టు ఉండేది. మన తెలుగు అక్షరమేమో గుండ్రటిది. దాన్ని అట్ల నిలబెట్టనీకి ఆరేండ్లు పట్టింది. చదును కుంచెను ఒకే వాలుగ పట్టి, వంపు వచ్చిన కాడల్లా విరగ్గొట్టాలె. మూరెడు జాగల పన్నెండు అక్షరాలు పట్టిస్త. కటింగ్ షాపులు, సోడా బండ్లు, బ్యాండు మేళం డోళ్లు, అన్నిటి మీద అదే అడిగేటోళ్లు.

ఫ్లెక్సులొచ్చినంక తొమ్మిదేండ్లు నా కుంచె తడవలేదు. నా భార్య నీలమ్మ పోయి నాలుగేండ్లు.

అది రెండువేల పదకొండు. సకల జనుల సమ్మె నడుస్తుంటే కరెంటు గంటలకొద్దీ పోయేది. ఫ్లెక్సు మిషన్ ఆగిపోయింది. దీక్ష టెంటు నడిపే డ్రైవరు సాయిచంద్ నా రూముకొచ్చిండు.

"పెద్దనాయినా, రేపు హైటెక్ సిటీకి ర్యాలీ. బ్యానర్ రాస్తవా?"

"రాస్తవా అంటవేందిరా? ఎన్ని గజాలో చెప్పు."

టెంటు కాడనే బట్ట మీద సుద్ద దారంతోని గీతలు కొట్టి, "తెలంగాణ ఇచ్చేదాక పని బందు" అని కత్తి అక్షరాల్ల రాసిన. ఆ అద్దాల బిల్డింగుల ముందు నా అక్షరం ఒక్కసారి నిలబడాలె. అదొక్కటే నా ఆశ.

మా పనిల ఒక కట్టడి ఉంది. రాత అప్పజెప్పే ముందు, చదువు తక్కువున్నోళ్లతోని ముప్పై అడుగుల నుంచి చదివించాలె. తడబడితే చెరపాలె. నీలమ్మ చదివింది రెండో తరగతి. నా బోర్డులన్నీ ఆమె నోట పలికినంకనే గోడెక్కినయ్. కత్తి అక్షరాన్ని మాత్రం దగ్గర నిలబడి చూసే పేర్లకే ఒప్పుకునేది.

ఇప్పుడెవరిని పిలవాలె? గచ్చిబౌలి ఆఫీసుల ఊడ్చే యాదమ్మ టెంటుల కూసున్నది. రాత్రి బడిల అక్షరాలు నేర్చిన మనిషి. రోడ్డవతల నిలబెట్టిన.

"తె... ఇదేంది కాకా, ఇనుప జాలి లెక్కున్నది?"

అందరు నవ్విన్రు.

"సక్కగ చూడు!"

"చూస్తున్ననే! నువ్వే చదువు, నేనింట."

సాయిచంద్ నా భుజం పట్టిండు. "పోనియ్ పెద్దనాయినా, జబర్దస్తుగ ఉంది. అందరికి తెలిసిన మాటే గద, కట్టేద్దాం."

సరే అంటే అయిపోయేది. ఆ మాట నా నోట్లకు వచ్చింది గూడ.

"తెలిసిన మాటైతే బ్యానరెందుకురా? ఇంకో బట్ట తే."

గుండ్రటి అక్షరాల్ల గంటలో రాసిన, చిన్నపిల్లల వాచకంల ఉన్నట్టు. యాదమ్మ రోడ్డవతల నుంచి ఒక్క గుక్కల చదివింది. టెంటంతా "జై తెలంగాణ" అన్నది. తెల్లారి ఆ బట్టే ముందు నడిచింది. ఎవరు రాసిన్రని ఎవ్వరు అడగలే.

మొదటి బట్టను మడిచి రూముకు తెచ్చుకున్న, మంచం పక్కన గోడకు కట్టిన. మూరెడు దూరం నుంచి ఒక్క అక్షరం తడబడకుంట చదవొస్తది. రోజు పైకే చదువుత. ఇననీకి ఎవరున్నరు?