స్టాక్‌హోమ్ చర్చిలో డొల్ల బండ

దయ్యాల విషయంలో నా రికార్డు శుభ్రంగా ఉంది. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు అర్ధరాత్రి బైకు మీద లెక్కలేనన్ని సార్లు పోయాను. దారిలో నన్ను ఆపింది పోలీసులూ, బర్రెలూ మాత్రమే. తెల్లచీర ఒక్కసారి కనపడింది. దగ్గరికి పోయి చూస్తే ఎవరో కంపచెట్టు మీద ఆరేసిన పంచె. కాబట్టి ఇక్కడ రాసేది నమ్మమని ఎవరినీ అడగను. నేనే ఇంకా పూర్తిగా నమ్మలేదు.

పైగా ఇది జరిగిన చోటు దయ్యాలకు ఏమాత్రం అనువైనది కాదు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్, జూన్ నెల. ఆ నెలలో అక్కడ సరిగ్గా చీకటి పడనే పడదు. రాత్రి భోంచేసి బయటికొస్తే మన సాయంత్రం ఎండలా ఉంటుంది. దయ్యానికైనా పని చేసుకోవడానికి కాస్త చీకటి కావాలి కదా.

ముందు మా నాయన సంగతి చెప్పాలి. నాయన బండలు పరిచే మేస్త్రీ. బేతంచెర్ల నుంచి లారీల్లో వచ్చే పాలిష్ బండల్ని ఇళ్ళలో పరచడం ఆయన పని. నంద్యాలలో సగం పేటల మనుషులను మొహంతో కాదు, ఇంటి నేలతో గుర్తుపడతాడు. "ఆ నల్లబండల ఇంటాయన" అంటాడే గానీ పేరు చెప్పడు.

అంతకుముందు చలికాలంలో నాయనకు పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది, మాట పోయింది. "మాట రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు డాక్టరు. ఆ ముక్క చెప్పడానికి అంత చదువు ఎందుకో నాకు అర్థం కాలేదు. అమ్మ బాధ మాట గురించి కూడా కాదు. మనిషి లోపల ఉన్నాడా లేడా అన్నదే ఆమె బెంగ. రోజూ సాయంత్రం మంచం పక్కన కూర్చుని, "నేనెవురు, చెప్పు సూద్దాం" అని అడిగేది. ఆయన గోడ వైపు చూసేవాడు. ఎడమ చెయ్యి బాగానే ఉన్నా కదిలించేవాడు కాదు.

అట్లాంటి సమయంలో బెంగళూరులోని మా కంపెనీ నన్ను రెండు వారాల ట్రైనింగుకు స్వీడన్ పంపుతానంది. నేను పోనన్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

"నువ్వు ఈడ కూచోని చేస్తాండేదేముంది? మీ నాయన మొగం నువ్వు, నీ మొగం నేను చూస్తా కూచోవాల. పోయి రా పో."

పోయాను. మధ్యలో వచ్చిన శని, ఆదివారాలు స్టాక్‌హోమ్‌లో గడిపాను. అక్కడ నా స్నేహితుడు రాఘవ చదువుకుంటున్నాడు. వాళ్ళది ఆళ్ళగడ్డలో కిరాణా అంగడి. వాళ్ళింటి నేల మా నాయన పరిచిందే కాబట్టి మాది ఒకరకంగా బండల బంధుత్వం.

రెండు రోజుల్లో ఊరంతా చూపించాలని రాఘవ పట్టుదల. పడవెక్కించాడు, దించాడు, మళ్ళీ ఎక్కించాడు. ఎప్పుడో నీళ్ళలో మునిగిన ఓడను పైకి తీసి మ్యూజియంలో పెట్టారు, అది చూపించాడు. మునిగినదానికి ఇంత మర్యాద చేస్తే తేలినవాటికి ఏం చేస్తారో అనుకున్నాను. రాజభవనం ముందు సిపాయి కదలకుండా నిలబడి ఉంటే, "రేయ్, మా బావ పెండ్లిలో ఫోటోకు ఇట్లే నిలబడినాడప్పా" అన్నాడు రాఘవ. నవ్వాను. నవ్వుతూనే ఫోను తీసి చూసుకున్నాను. ఆ రెండు రోజులూ నా పని అదే. ఒక నవ్వు, ఒకసారి ఫోను.

ఆదివారం మధ్యాహ్నం పాత ఊళ్ళోని ఒక చిన్న చర్చికి పోయాం. గడప దగ్గర నేను అలవాటుగా బూట్లు విప్పేశాను.

"రేయ్ అప్పా, ఇది అహోబిలం కాదురా. యేసుకో బూట్లు," అన్నాడు రాఘవ. ద్వారం దగ్గర కూర్చున్న పెద్దావిడ నా సాక్సులు చూసి తల పంకించింది. విప్పినవి విప్పినట్టే వదిలి లోపలికి నడిచాను.

అరికాలికి చల్లగా తగిలింది. తలొంచి చూస్తే నేలంతా బండలు. బూడిద రంగువి కొన్ని, ఎర్రటివి కొన్ని, నడిచి నడిచి గుంటలు పడినవి. పైన రంగుల అద్దాలున్నాయని రాఘవ చూపిస్తున్నాడు. నేను మాత్రం నేల చూస్తున్నాను. మేస్త్రీ కొడుకును ఎక్కడికి తీసుకుపోయినా దండగే.

ఇక్కడ మా ఇంటి పని పద్ధతి ఒకటి చెప్పాలి. బండ కింద సిమెంటు మాలు నిండుగా పడకపోతే అడుగున ఖాళీ మిగిలి అది డొల్ల అవుతుంది, కొన్నాళ్ళకు పగులుతుంది. అందుకని పరిచిన మర్నాడు నాయన బండకు ఒక కొసన అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. సెలవుల్లో నేను రెండో కొసన చెక్క సుత్తితో తట్టేవాణ్ణి. బండ బాగుంటే నాయన వేలి కణుపుతో ఒక్కసారి కొట్టేవాడు. డొల్ల అయితే రెండుసార్లు. రెండు కొట్టాడంటే పీకి మళ్ళీ పరచాల్సిందే. ఇంటి యజమాని కాళ్ళు పట్టుకున్నా వినేవాడు కాదు.

చర్చిలో ఒక మూల ఎర్రబండ మీద కాలు వేస్తే తేడాగా అనిపించింది. కూర్చుని వేలితో ఒక్కసారి తట్టాను. రాఘవ ఫోనులో వీడియో తీస్తూ, "వచ్చిన పని మానేసి కూలి పని మొదులుపెట్టినాడు సూడండి," అంటున్నాడు.

బండ రెండో కొస నుంచి రెండు దెబ్బలు వినపడ్డాయి. వేలి కణుపుతో కొట్టినట్టు. తొందరలేకుండా.

అరచెయ్యి ఆనించాను. అప్పటికి చప్పుడు ఆగిపోయింది. ఆ కొసన మనిషి లేడు. లోపల మేమిద్దరం, ద్వారం దగ్గర ఆ పెద్దావిడ, అంతే.

"ఇన్నావా?" అన్నాను.

"ఇన్నా. ఈ పాత చర్చిల్లో బండ కింద సమాధి ఉంటాది, డొల్ల కాక నిండుగా ఉంటాదా?" అన్నాడు రాఘవ. అని, మా వాడు నాకంటే ముందు బయటికి నడిచాడు.

మెట్ల మీద బూట్లు తొడుక్కుంటుంటే అమ్మ ఫోను. ఎత్తితే ఏడుపు. నా చేతిలో ఒక బూటు అట్లే ఉండిపోయింది. రెండు రోజులుగా ఏ ఫోనుకు భయపడుతున్నానో అదే అనుకున్నాను.

"మీ నాయన మాట్లాడినాడురా."

"ఏందీ?"

"ఇప్పుడే. ఎడం చేత్తో మంచం పక్కన గోడ తట్టినాడు, రెండుసార్లు. ఏందయ్యా అని దగ్గిరికి పోతే, డొల్ల అన్యాడు. బాగా ఇనపడేట్టు అన్యాడురా. ఏంది డొల్ల అంటే మళ్ళా పలకల్యా. మనిషి లోపలే ఉండాడు నాయనా. ఈడే ఉండాడు."

నేనేమన్నానో గుర్తులేదు. రాఘవ పక్కన కూర్చుని, నా చేతిలో బూటు తీసుకుని నా కాలికి తొడిగాడని మాత్రం గుర్తుంది. ఆ రోజు అతను ఇంకో జోకు వెయ్యలేదు. నేనూ వెయ్యలేదు. మా ఇద్దరినీ ఎరిగినవాళ్ళు వింటే అసలు వింత అదే అంటారు.

తర్వాత తీరిగ్గా ఆలోచించాను. పాత కట్టడం, కింద ఏదైనా గొట్టం ఉండి ఉండొచ్చు. నాయన గోడ తట్టడం, అదే సమయానికి నేను బండ తట్టడం కాకతాళీయం కావచ్చు. వీడియోలో నేను తట్టింది, తర్వాత ఆ రెండు దెబ్బలు స్పష్టంగా వినపడతాయి. అది రాఘవ ఫోనులో, నా ఫోనులో తప్ప ఇంకెక్కడా లేదు. అమ్మతో నేను చెప్పింది, "ఒక చర్చి చూసినా, బాగుంది" అని మాత్రమే. రాఘవ కూడా ఎవరికీ చెప్పలేదని ఒట్టేశాడు. ఆళ్ళగడ్డ అంగడివాళ్ళ కడుపులో మాట నిలవడం కూడా వింతే గనుక ఆ ఒట్టును నేను సాక్ష్యంగా లెక్కపెట్టను. కానీ నాయన గోడ తట్టినప్పుడు, చెప్పడానికి ఎవరికీ ఇంకా సమయమే లేదు.

ట్రైనింగు ముగించుకుని నంద్యాల వచ్చాను. నాయన అప్పటికి ఒకటి రెండు ముక్కలు కూడబలుక్కుంటున్నాడు. ఎక్కువగా తిట్లే. అమ్మ అవి విని మురిసిపోతోంది. పెళ్ళయినప్పటి నుంచి ఆ తిట్లకు ఇంత గౌరవం దక్కడం ఇదే మొదటిసారి.

మంచం పక్కన కూర్చున్నాను. స్వీడన్ గురించి ఏం చెప్పాలో తెలియక చాక్లెట్ పొట్లం విప్పుతున్నాను. నాయన ఎడమ చెయ్యి నా మణికట్టు మీద వేశాడు. చాలాసేపు కష్టపడి, పెదవి వంకర పోతుండగా అడిగాడు.

"ఆ బండ... పీకినారా?"

ఏ బండ అని నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది. అడిగి ఉంటే ఈ కథకు ఏదో ఒక వివరణ దొరికేదేమో. నంద్యాలలోనే ఏదో పాత ఇంట్లో మధ్యలో వదిలేసిన పని కావచ్చు. కానీ ఆ కళ్ళలోకి చూస్తే, జవాబు కోసం ఎదురుచూస్తున్న మేస్త్రీ కనపడ్డాడు. నెలల తర్వాత.

"పీకినారు నాయనా. మాలు నిండుగా పోసి మళ్ళా పరిచినారు."

తల ఆడించాడు. గోడ మీద వేలి కణుపుతో ఒక్కసారి తట్టి, కళ్ళు మూసుకుని నిద్రపోయాడు.

అమ్మ వంటింట్లోంచి, "ఏందిరా ఆ సప్పుడు?" అంది. ఏమీ లేదన్నాను.

ఇప్పటికీ నాకేమీ అర్థం కాలేదు. ఒక్కటే దిగులు. నాయన లేచి తిరిగే రోజు ఎట్లాగూ వస్తుంది. వచ్చినాక ఆ పని సరిగ్గా చేశారో లేదో చూస్తానంటే, ఆయన్ను అంత దూరం తీసుకుపోవాలి. అంతకుముందే ఆ బండ పీకి మళ్ళీ పరచమని ఎవరో ఒకరు ఆ చర్చివాళ్ళకు చెప్పాలి.