ముందు వరుసలో మెత్త

చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ మీద మెత్త, అదే కూర్చునే దిండు, ఉందంటే అక్కడ మనిషి ఉన్నట్టే. ఆ మనిషి టీకి పోయిందా, టిఫిన్‌కి పోయిందా అని ఎవరూ ఆరా తీయరు. కొత్తగా వచ్చినవాళ్లు "అక్కా, ఇక్కడ ఎవరన్న ఉన్నరా?" అని ఒక్క మాట అడుగుతారు, ఉన్నరు అనగానే ఇంకో కుర్చీ వెతుక్కుంటారు. సర్కారు ఉద్యోగాల కోసం చదివే ఈ పిల్లలు రాజ్యాంగాన్ని ఎంత గౌరవిస్తారో తెలియదు గానీ, మెత్తను మాత్రం గౌరవిస్తారు.

అరుంధతి పక్క కుర్చీలో ఉండే పూల మెత్త మహేశ్వరిది. వాళ్లమ్మ పాత చీరతో కుట్టి ఇచ్చింది. ఇద్దరూ దోమలగూడ హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్లు. అరుంధతి ఏళ్ల తరబడి గ్రూప్స్ రాస్తూనే ఉంది, ప్రతిసారీ అంచుదాకా వెళ్లి ఆగిపోతోంది. కానీ పాఠం చెప్పిందంటే! గేటు బయట టీ గ్లాసు పట్టుకుని ప్రాథమిక హక్కుల గురించి చెబుతుంటే పక్క బండి దగ్గరివాళ్లు కూడా చెవులు ఇటే పెట్టేవాళ్లు. అలా విన్నవాళ్లలో ఎంతమందో ఉద్యోగాలు తెచ్చుకుని, చేతిలో స్వీటు డబ్బా పెట్టి వెళ్లిపోయారు.

"అక్కా, నీకు చెప్పుడంటేనే పానం. క్లాసులు చెప్పరాదు?" అనేది మహేశ్వరి.

"నౌకరీ రానిదాన్ని. నా పాఠం ఎవరింటరే?"

"నేనింట. ముందు వరసల కూసుంట. నువ్వు నన్నే చూసుకుంట చెప్పు."

అంతటితో ఊరుకునే పిల్ల కాదు. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ నడిపే రమాకాంత్ సార్ వెంటపడి ఒక డెమో క్లాసుకు ఒప్పించింది. పిల్లలకు నచ్చితే పాలిటీ పాఠాలు అరుంధతివే.

డెమో రోజు అరుంధతి సెంటర్ మెట్లదాకా వెళ్లింది. గోడ నిండా ర్యాంకర్ల ఫొటోలు. మీరేం ఉద్యోగం చేస్తున్నారు మేడమ్ అని ఒక్కరు అడిగితే చాలు, పరువు అక్కడే పోతుందనుకుంది. అటునుంచి అటే వెనక్కి తిరిగింది. పైన ముందు వరుసలో మహేశ్వరి ఎదురుచూస్తూనే ఉంది, ఒంటినిండా జ్వరంతో. పరీక్షలు దగ్గర పడితే అశోక్‌నగర్‌లో ఎవరికీ జ్వరం రాదు. వచ్చినా ఒక గోలీ మింగి, పరీక్ష అయ్యేదాకా ఆగమంటారు. మహేశ్వరీ అదే చేసింది.

గదికి వచ్చాక ఆ పిల్ల తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "సార్‌తోని మళ్ల మాట్లాడిన. వచ్చే వారం రమ్మన్నడు. పరేషాన్ గాకు అక్కా," అని దుప్పటి కప్పుకుంది. దుప్పటి సర్దబోతూ చేయి తగిలినప్పుడు తెలిసింది, ఒళ్లు కాలిపోతోందని. నారాయణగూడలో ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే డెంగీ ముదిరిపోయింది. మహేశ్వరి మళ్లీ ఆ గదికి రాలేదు. నలుగురూ ఏడుస్తుంటే ఏడవడానికి కూడా అరుంధతికి మొహం చెల్లలేదు.

సామాను తీసుకెళ్లడానికి మహేశ్వరి తండ్రి మొగిలయ్య ఊరి నుంచి వచ్చాడు. పుస్తకాలన్నీ సంచిలో సర్దాడు గానీ మెత్తను చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు.

"ఇది నువ్వుంచుకో బిడ్డా. ఇంటికి తీస్కపోతే వాళ్లమ్మ చూసి తట్టుకోదు," అన్నాడు. గుమ్మం దాటబోతూ ఆగాడు. "మా పిల్ల ఫోన్ల ఎప్పుడు నీ ముచ్చటే. అక్క క్లాసు చెప్తది నాయినా, నేను ముందల కూసుంట అనేది. మంచిగ చెప్తున్నవా?"

"చెప్తున్న బాపూ."

"గట్లనే చెప్పు బిడ్డా."

ఆ అబద్ధంతోనే ఆయనను బస్సెక్కించింది.

వారం తిరిగేసరికి అరుంధతి మళ్లీ ఆ మెట్లెక్కింది. ముందు వరుసలో ఒక కుర్చీ మీద పూల మెత్త పెట్టింది. గది నిండినా ఆ కుర్చీ జోలికి ఎవరూ పోలేదు, అందరూ లైబ్రరీ పిల్లలే మరి. మొదలుపెట్టీ పెట్టకముందే వెనకనుంచి ఒకడు అడగనే అడిగాడు, "మేడమ్, మీకు ఏ జాబ్ వచ్చింది?"

"ఏదీ రాలె తమ్మీ. పాఠం వస్తది. వింటవా?"

ఎవరూ నవ్వలేదు. ఇన్నాళ్లూ తనను తరిమిన ప్రశ్న ఇంతేనా అనుకుంది. ఇంతేనని తెలిసుంటే ఆ రోజే పైకి వచ్చేది కదా. మెత్తనే చూస్తూ చెప్పుకుపోయింది.

సగం పాఠంలో ఒక అమ్మాయి ఆయాసపడుతూ లోపలికి వచ్చింది. ఎక్కడా చోటు లేదు. ముందుకు వచ్చి, మెత్తను చూసి, మెల్లగా అడిగింది.

"అక్కా, ఇక్కడ ఎవరన్న ఉన్నరా?"

బోర్డు మీద అరుంధతి చేయి ఆగిపోయింది. ఉన్నరు అంటే చాలు, ఆ పిల్ల మారు మాట్లాడకుండా గోడకు ఆనుకుని నిలబడుతుంది.

"ఎవరు లేరు చెల్లె," అంది అరుంధతి. ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదటిసారి. "మెత్త తియ్యకు. దాని మీదనే కూసో."

ఆ అమ్మాయి కూర్చుంది. అరుంధతి కళ్లు తుడుచుకుని, ఆ కుర్చీ వైపే తిరిగి, ఆగిన చోటునుంచి చెప్పింది.