నల్లిబొక్క అడిగిన చుట్టం

నేను ఇంటర్ జదివేటప్పుడు మా అక్క పెళ్లి దావత్ ఉప్పల్‌ల ఒక ఫంక్షన్ హాల్ల ఇచ్చినం. బంతిల కూసున్న ఒకాయన, "నల్లిబొక్క ఏది? గిదేనా మర్యాద?" అని ఒర్రిండు. మగపెళ్లివాళ్లు అలిగిన్రని నాయిన చేతులు జోడించిండు. నాకు ఒళ్లు మండినా, మటన్ గంజంత దేవి, మూలుగున్న నల్లి తెచ్చి ఏసిన. ఆయన నింపాదిగ జుర్రుకొని, పాన్ నములుకుంట పోయిండు.

"మీ పెద్దమనిషి శాంతించిండా?" అని నాయిన కొత్త బావను అడిగిండు.

"ఆయన మీ చుట్టమనుకున్నం మామా!"

నాయిన పొట్ట పట్టుకొని నవ్విండు.

తర్వాత నాచారంల ఇంగ్లీష్ క్లాసుకు పోతే, సిగ్గులేని తెగువను "హుట్స్‌పా" అంటరని సారు చెప్పిండు. హీబ్రూల పుట్టి, యూదుల యిడ్డిష్ భాష మీదుగ ఇంగ్లీషుకు వచ్చిందట. ఎవరన్న ఉదాహరణ చెప్పున్రి అన్నడు.

అందరికన్న ముందు నేనే చెయ్యెత్తిన.