మావయ్యగారు ఎక్కని సైకిలు

మా ఆడపడుచు లోవలక్ష్మి వదినకి ఆ సైకిలంటే ఒళ్లుమంట. దాన్ని అమ్మేస్తున్నామని మా ఆయన గణేష్‌బాబు ఫోన్ చేసి చెబితే, "అయితే నేనూ వస్తాను. అది గుమ్మం దాటిపోవడం నా కళ్లతో చూడాలి" అంది. అన్నంత పనీ చేసింది. మోకాళ్ల నొప్పులు పెట్టుకుని పిఠాపురం నుంచి బస్సులు మారి భీమవరం వచ్చి, అక్కణ్నుంచి ఆటోలో మా ఊరు చేరింది. మావయ్యగారు పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. చెరువుగట్టు మీద షెడ్డు ఖాళీ చేస్తుంటే ఆ సైకిలు బయటపడింది.

వదిన మనిషి పొట్టి. ఐదడుగులుంటే గొప్ప. కానీ హైస్కూల్లో చదివే రోజుల్లో ఆవిడ సైకిలెక్కితే మగపిల్లలు కూడా పక్కకి తప్పుకునేవారట. సొంత సైకిలు లేదు. తబిత అనే స్నేహితురాలి సైకిలు మీదే నేర్చుకుంది, దాని మీదే మండలం ఆటల పోటీల్లో మొదటి బహుమతి కొట్టింది. తరవాత ఏలూరులో జిల్లా పోటీలు. డ్రిల్లు మాస్టారు ఇంటికొచ్చి, మీ అమ్మాయికి మంచి సైకిలొకటి ఉంటే చాలండి, ఇక చూసుకోనక్కర్లేదండి అని మావయ్యగారికి చెప్పి వెళ్లారట. మావయ్యగారు, అంటే భీమరాజు గారు, అరుగు మీద కూర్చుని అంతా విని ఒక్క మాటా అనలేదు. అనాల్సినవన్నీ ఆయన తల్లి పెద్దింట్లమ్మ గారు లోపల్నుంచే అనేసింది. ఎదిగిన పిల్ల కాళ్లు బార్లా చాపుకుని సైకిలు తొక్కుతుంటే ఏలూరు జనం చూడాలా అని ఆవిడ గోల.

ఆ నెల్లోనే మావయ్యగారు చేపల లోడు వెంట కలకత్తా వెళ్లారు. మావైపు చేపల చెరువులు కొత్తగా తవ్వుతున్న రోజులవి. డబ్బు వసూలుకి రైతే లారీ ఎక్కి పోయి, వారాల తరబడి అక్కడే పడుండాలి. తిరుగు లారీలో ఆయనతో పాటు ఒక రేసు సైకిలు దిగింది. సన్నటి చక్రాలు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, వెనక గేర్లు. ఊరు ఊరంతా వచ్చి చూసింది. కానీ ఆయన వచ్చేసరికి ఇంట్లో ఇంకో పని అయిపోయింది. పెద్దింట్లమ్మ గారు మనవరాల్ని పిఠాపురంలో తన అన్నగారి మనవడికి ఇస్తానని మాటిచ్చేసి, ముహూర్తం కూడా పెట్టించేసింది. ఇదేంట్రా అని ఆవిడ సైకిలు చూపించి అడిగితే, "నాకేనమ్మా, పొద్దున్నే చెరువుల మీదికి వెళ్లడానికి" అన్నారట మావయ్యగారు.

వెళ్లిందీ లేదు, ఎక్కిందీ లేదు. షెడ్డులో దూలానికి తాడేసి కట్టేశారు. చేపలమ్మి సైకిలు కొన్నాడు, సైకిలమ్మి ఏం కొంటాడో అని ఊళ్లో వాళ్లు చాలాకాలం ఆటపట్టించారు. ఆయన నవ్వి ఊరుకునేవారు.

వదిన మాత్రం నవ్వలేదు. పరీక్షలు రాసిన వేసవిలోనే పెళ్లయిపోయింది. అత్తారిది కుక్కుటేశ్వరస్వామి గుడి దగ్గర పూజసామాన్ల కొట్టు. మొగుడు మంచివాడే, పిల్లలు బుద్ధిమంతులే. కొట్టు, వంటిల్లు, పురుళ్లు, పుణ్యాలు, అన్నీ సక్రమంగా చేసుకొచ్చింది. పుట్టింటికి వస్తే మాత్రం చుట్టంలా రెండురోజులుండి పోయేది. తండ్రి మంచినీళ్లడిగితే ఇచ్చేది, ఆ గ్లాసు పట్టుకుని ఎదురుగా ఒక్క నిమిషం కూర్చునేది కాదు. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఎందుకొదినా అంత కోపం అని ఉండబట్టలేక అడిగాను. "నా కాళ్లకి సంకెళ్లేసి, తను సైకిలు కొనుక్కున్నాడమ్మా మా నాన్న" అంది.

సైకిలు చూడ్డానికి రాజమండ్రి నుంచి చంద్రరావు గారని ఒకాయన వచ్చారు. బట్టల కొట్టు యజమాని, పాత సైకిళ్లు కొనడం ఆయన సరదా. మా ఆయన వాట్సాప్‌లో పంపిన ఫొటో చూసి కారేసుకుని దిగారు. వదిన వసారాలో కుర్చీ వేసుకుని, కోర్టులో ముద్దాయిని చూసినట్టు సైకిలునే చూస్తూ కూర్చుంది.

ఆయన దాన్ని తలకిందులు చేసి, పెడళ్ల కింద పేరుకున్న మట్టి కిరసనాయిలు గుడ్డతో తుడిచి, అక్కడున్న నంబరు చదువుకున్నారు. పేరు స్టిక్కరు ఊడిపోయినా ఫలానా కంపెనీదే, అది మూతపడి చాలాకాలమైంది అన్నారు. టైర్లు పొడి అయిపోయాయి, రిమ్ములకి తుప్పు, చైను బిగుసుకుపోయింది. కానీ పళ్లచక్రం పళ్లు ఇంకా పదునుగా ఉన్నాయి, పెడల్ రబ్బరు అరగలేదు. దీన్ని ఎవరూ తొక్కనేలేదండి అని ఆశ్చర్యపోయారు. తరవాత టేపు తీసి సీటు కింది గొట్టం కొలిచి, మళ్లీ కొలిచారు.

"మీ నాన్నగారు బాగా పొట్టాండి?" అని అడిగారు.

మా ఆయన పకపకా నవ్వి గోడ మీద ఫొటో చూపించారు. ఈ ఇంట్లో ఏ గుమ్మమైనా మావయ్యగారు తల వంచుకుని దాటాల్సిందే.

"అయితే ఇది ఆయన కోసం కొన్నది కాదండి" అన్నారు చంద్రరావు గారు. "ఇంత చిన్న ఫ్రేము కొట్టుకెళ్తే దొరికేది కాదు. మనిషి కాలు కొలత చెప్పి ప్రత్యేకం చేయించాలి. ఐదడుగుల మనిషికండి ఇది. సీటు చూడండి, వెడల్పుగా ఉంది. ఆడవాళ్లకి వేసే సీటు."

వదిన లేచింది. చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తిపట్టుకుని సైకిలు పక్కకెళ్లి నిలబడింది. సీటు సరిగ్గా ఆవిడ నడుం దగ్గరికొచ్చింది. ఎక్కబోయింది. మోకాలు వంగలేదు. హ్యాండిలు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

నాకు ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది. ఎవరి మీదంటే, ఫొటోలో ఉన్నాయన మీదే. ఆరడుగుల మనిషి, లారీ ఎక్కి కలకత్తా పోయి కూతురి కాలు కొలత చెప్పి సైకిలు చేయించుకు రాగలిగాడు. తల్లి ఎదురుగా నిలబడి ఇది నా కూతురిదమ్మా అని మాత్రం అనలేకపోయాడు. ఆవిడ పోయాకైనా చెప్పలేకపోయాడు. అంత భయమేంటి, అంత మొహమాటమేంటి? ఆ ఒక్క మాట లేక ఒక మనిషి బతుకంతా మంట పెట్టుకుని బతికింది.

చంద్రరావు గారు పాపం ఇదేమీ ఎరగరు. తుప్పుంది కాబట్టి తగ్గిస్తున్నానండి అంటూ ఒక ధర చెప్పారు. తక్కువేం కాదు. మా ఆయన అక్క వైపు చూశారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. చంద్రరావు గారు అర్థం చేసుకుని, కాఫీ తాగి, నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

నేను వెళ్లి వదిన భుజం మీద చెయ్యేశాను. పోనీలే వదినా, ఇప్పటికైనా తెలిసింది కదా అన్నాను. ఆవిడ నా వైపు తిరగలేదు.

"పోయే ముందు వారం నాన్న ఫోన్ చేశాడు వీరవేణీ. 'నీదొకటి నా దగ్గర ఉండిపోయిందమ్మా, వచ్చి తీసుకెళ్లు' అన్నాడు. పొలం కాగితాల మీద సంతకం కోసం పిలుస్తున్నాడనుకున్నాను. 'మీదేదీ నాకొద్దు' అని పెట్టేశాను."