ఐదు పల్లెలు, ఒక ముద్ర

మా మునిసిపల్ ఆఫీసులో ఒక మర్యాద ఉండేది. కింది ఉద్యోగి కాగితం మీద, సంతకానికి బదులు వేసే తన పేరు ముద్రను పై అధికారి ముద్ర వైపు కాస్త వంచి వేయాలి, దణ్ణం పెడుతున్నట్టు. మా సెక్షన్ చీఫ్ కురోయివా తెరుమి గారు మాత్రం ముప్పై నాలుగేళ్లూ నిటారుగానే వేశారు. ఎవరైనా అడిగితే, "వంగాల్సి వస్తే నేనే వంగుతాను. మధ్యలో ముద్రకేం ఖర్మ?" అనేవారు. ఆ పొగరు వల్లే ప్రమోషన్ రాలేదని అందరూ అనుకునేవాళ్లు. నేనూ అనుకున్నాను.

పొట్టి మనిషి. చెవి మీద ఎప్పుడూ ఎర్ర పెన్సిల్. మధ్యాహ్నం తెల్లన్నం, నడిమధ్య ఉప్పులో ఊరిన పుల్లటి పండొకటి, అంతే భోజనం. ఏటిలో చేపలు పట్టనిచ్చే మొదటి రోజున తప్ప సెలవు పెట్టి ఎరగరు.

మా కొండ ఊరిని తోమినో నగరంలో కలిపేసిన ఏడాదే నేను తాత్కాలిక ఉద్యోగంలో చేరాను. హిరసావా, కజుమె, నిగావా, ఒకుమాటా, తోచిదాని అనే ఐదు పల్లెలు ఎప్పుడో ఆనకట్ట నీళ్లలో మునిగిపోయాయి. జనం గుట్ట మీదికి మారినా అడ్రసుల్లో పాత పేర్లే ఉంచుకున్నారు. ఊళ్లు కలిపాక ఆ ఐదింటికీ కలిపి ఒకటే పేరు పెట్టారు, కితామాచి. అంటే ఆఫీసులోని నాలుగు వేల ఫైళ్లలో పేర్లు మార్చాలి. కురోయివా గారు ఒక్కొక్కటీ అచ్చు తీసి ఎర్ర పెన్సిల్‌తో గీతలు పెట్టడం మొదలుపెట్టారు.

"ఇలాగైతే మీరు రిటైరయ్యేనాటికి సగం కూడా కాదు, చీఫ్ గారూ" అన్నాను.

"నీ దగ్గర మంత్రమేమైనా ఉందా, మినగావా?"

ఉందన్నాను. మా కంప్యూటర్లలో ఎవరూ సొంతంగా ఏదీ ఎక్కించకూడదు. అందుకని మూలన పడేసిన పాత మిషను ఒక్కదాంట్లోనే ప్రోగ్రాం పెట్టాను. మిగతావాళ్లు తమ సీట్లోంచే బ్రౌజర్‌లో తెరుచుకోవచ్చు. ఫైళ్లు పంపాలి, ఎడమ గడిలో పాత మాట, కుడి గడిలో కొత్త మాట కొట్టాలి, 'అన్నీ మార్చు' నొక్కాలి. రెండు రోజులు అది మొండికేసింది. మూడో రోజు పొద్దున దారికొచ్చింది. ఒక ఫైలు పెట్టి చూపిస్తే అందరూ నా వెనక గుమిగూడి "అబ్బో!" అన్నారు. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

పని మొదలుపెట్టే ముందు అనుమతి కాగితం తిరిగింది. అందులో రెండు ప్రశ్నలు. అసలు ఫైళ్లకు నకలు తీశారా? మార్చకూడని ఫోల్డర్లు పక్కన పెట్టారా? రెండింటికీ టిక్కు పెట్టాను. రెండూ చేయలేదు. నకలు తీయాలంటే పూట పడుతుంది. సాయంత్రం లోపల అందరి ముందూ పూర్తి చేసి చూపించాలని నా ఉబలాటం.

"ముంపు పల్లెల ముసలివాళ్ల మాటలు పక్కన పెట్టావు కదమ్మా?" అని అడిగారు ఆయన. మునిగిన ఐదు పల్లెల వాళ్లూ చెప్పుకున్న జ్ఞాపకాలవి. ఒక బడిపంతులు క్యాసెట్ల మీద పట్టి, తర్వాత టైపు చేయించారు. క్యాసెట్లు బూజు పట్టి పోయాయి, మిగిలింది మా కంప్యూటర్లోని ఆ ఫైళ్లే.

"పెట్టేశానండీ" అన్నాను.

ఆయన ముద్ర వేశారు, ఎప్పటిలాగే నిటారుగా. నలభై నిమిషాల్లో పని అయిపోయింది.

రెండు నెలల తర్వాత షిగె అవ్వ వచ్చింది. ఎనభై ఆరేళ్ల మనిషి. భర్త గింజిరో పోయిన రోజు దగ్గరపడుతోందని, ఆయన చెప్పుకున్న మాటలు ఆ రోజున ఇంట్లో చదివించుకుంటానని అడిగింది. అచ్చు తీసి ఇచ్చాం. కౌంటరు దగ్గరే కళ్లద్దాలు పెట్టుకుని చదివింది.

"ఏమయ్యా కురోయివా! మా ఆయన కితామాచిలో పుట్టాడట. కితామాచి నుంచి కితామాచికి పెళ్లికి నడిచొచ్చాడట. దారిలో రెండు గంటలు పట్టిందట! ఊరి చుట్టూ ప్రదక్షిణలు చేశాడా ఏం?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అవ్వ నవ్వడం లేదని గమనించి ఆపేశారు.

"ఒకసారి నీళ్లు ముంచాయి. మిగిలింది ఇప్పుడు మీరు ముంచారా?" అంది.

కితామాచిని వెనక్కి మార్చుదామంటే దేనిగా మార్చాలి? ఐదు బావుల నీళ్లు ఒక కుండలో పోశాక ఏ చుక్క ఏ బావిదో ఎవరు చెప్తారు? నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. కురోయివా గారు బీరువా తెరిచి అనుమతి కాగితం తీశారు. నా రెండు టిక్కులూ చూశారు. నా వైపు ఒక్కసారి చూశారు. తర్వాత కౌంటరు దాటి వెళ్లి, అవ్వ ముందు నడుము వంచారు.

"ముద్ర నాది. తప్పు నాదే, అవ్వా."

మర్నాడు మిఠాయి పెట్టె పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లారు. నన్నూ తీసుకెళ్లారు. ఆయన చాపకు తల ఆనించారు. పక్కన నేనూ ఆనించాను. నేను పెట్టె మోయడానికి వచ్చాననుకుంది అవ్వ. కాదని నేను చెప్పలేదు.

"లేవయ్యా. ఆ మిఠాయి నా కట్టుడు పళ్లకు అంటుకుంటుంది. అది కాదు, కాగితాలు పట్రా" అంది. "పదేళ్ల వయసు నుంచి ఐదు పల్లెలకూ సోయా జున్ను, తోఫు, మోసి అమ్మినదాన్ని. ఎవరి గుమ్మంలో ఏ కుక్క కరిచేదో కూడా చెప్తాను."

ఆ జ్ఞాపకాల్లో కితామాచి అన్న మాట ఎక్కడెక్కడ ఉందో, దానికి ముందూ వెనకా రెండేసి వరుసలతో, నా మిషనుతోనే జాబితా తీశాను. పదమూడు వందల పన్నెండు చోట్లు. ఏడాదిన్నర పాటు ప్రతి శనివారం ఆయన గుట్ట ఎక్కారు. మధ్యలో రిటైరయ్యారు, అయినా మానలేదు. కారు నేను నడిపేదాన్ని.

"'వాన వెలిశాక కితామాచి మెట్ల మీద జారిపడ్డాను'" అని ఆయన చదివేవారు.

"మెట్లున్నది ఒకుమాటాలో. తర్వాత?"

"'కితామాచి వెళ్లి మందు తెచ్చాను.' ఇది కజుమెనా?"

"మొద్దూ! పై వరుసలో వంతెన దాటాడని నువ్వే చదివావు కదా. వంతెన అవతల నిగావా. ఇంత మతిమరుపు మనిషికి జీతమెలా ఇచ్చారయ్యా?"

"అందుకేగా ప్రమోషన్ ఇవ్వలేదు."

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. నేను టీ పోస్తూ తల దించుకునేదాన్ని. ఒకరోజు తిరిగొస్తూ కారులో, "చీఫ్ గారూ, నేను అవ్వకు చెప్పేస్తాను" అన్నాను.

"ఆవిడకు ఓపిక ఉన్నప్పుడే పేర్లు కానివ్వు. నీ సంగతి తర్వాత నువ్వే చూసుకో" అన్నారు. అప్పుడు నాకు కలిగింది పశ్చాత్తాపం కాదు, హాయి. ఆ హాయి తలుచుకుంటే ఈ రోజుకీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

పేర్లన్నీ చోటు చేరాయి. పుస్తకం వేయాలనుకున్నారు. అచ్చుకు వెళ్లే ముందు ఫైలు చివరిసారి నా దగ్గరకే వచ్చింది. ఆఖరి పేజీలో రెండు వరుసలున్నాయి. 'ఈ పేర్లు గుర్తుచేసినది షిగె అవ్వ. చెరిపేసినవాణ్ని నేను, కురోయివా తెరుమి.'

ప్రోగ్రాం తెరిచాను. ఎడమ గడిలో ఆయన పేరు కొట్టాను. 'ఒక చోట దొరికింది' అని వచ్చింది. కుడి గడిలో నా పేరు కొట్టాను. ఆ వసంతంలో నన్ను పర్మనెంటు చేస్తారా లేదా అన్నది తేలాలి. బటన్ మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. చివరికి కుడి గడిలోది చెరిపేసి, ప్రోగ్రాం మూసేశాను.

ఆనకట్ట గట్టు మీద పుస్తకాలు పంచారు. అవ్వ నా చెయ్యి పట్టుకుని అందరికీ చూపించింది. "ఈ పిల్ల మిషనే లేకపోతే ఒక్క చోటు కూడా దొరికేది కాదు. బంగారుతల్లి!" కురోయివా గారు "అవునవ్వా" అన్నారు. నేను దణ్ణం పెట్టి ఊరుకున్నాను.

ఇప్పుడు ఇద్దరూ లేరు. నేనే ఆ సెక్షన్ చీఫ్‌ని. లైబ్రరీలో పుస్తకం ఉంది, ఏడాదికోసారి వెళ్లి తెరుస్తాను. ఆఖరి పేజీలో ఆయన తన చేత్తో వేసిన ఎర్ర ముద్ర అవ్వ పేరు వైపు బాగా వంగి ఉంటుంది. పదమూడు వందల పన్నెండు పేర్లూ సరిగ్గా ఉన్నాయి. ఆ ముద్ర పక్కన ఉన్న ఒక్క పేరే ఇంకా తప్పు.